కేసులన్నీ క్లబ్ చేయిస్తే ఇల్లు నిలబడుతుందా? దానికోసం మూడు రూపాయల వడ్డీకి మాత్రం వెళ్ళకండి

ప్రశ్న: నాన్నగారు వీలునామాలో నాకు రాసిన ఇంటి మీద హౌసింగ్ లోన్ 26 లక్షలు ఉంది, షాపు సీసీ లోన్‌కి (క్యాష్ క్రెడిట్, అంటే ఒక లిమిట్ దాకా వాడుకునే వ్యాపార అప్పు) కూడా అదే ఇల్లు తనఖా. సీసీ బాకీ 14 లక్షలకి బ్యాంకు సివిల్ కోర్టులో దావా వేసింది. లెక్కలు తప్పని నేనో దావా వేశాను. ఇంట్లో సగం వాటా కావాలని తమ్ముడు పార్టిషన్ సూట్ వేసి బ్యాంకుని కూడా పార్టీ చేశాడు. ఈమధ్యే హౌసింగ్ లోన్ మీద సర్ఫేసీ నోటీసు (కోర్టుకి వెళ్ళకుండానే బ్యాంకు తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముకునే చట్టం కింద) వచ్చింది. అన్నీ క్లబ్ చేయిస్తే, అంటే కలిపి ఒకేచోట విచారించేలా చేయిస్తే మంచిదని మా లాయర్ గారు అంటున్నారు. ఆ ఖర్చులకి, బ్యాంకుకి కొంత కట్టడానికి ప్రైవేటుగా 4 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నా. తేవచ్చా?

జవాబు: తేవద్దు సార్. 4 లక్షలకి మూడు రూపాయలంటే నెలకి 12 వేలు, ఏడాదికి లక్షా 44 వేలు, అసలు అలాగే ఉంటుంది. 31 వేల ఈఎంఐ కట్టలేక ఇక్కడిదాకా వచ్చిన మనిషి దాని మీద ఇంకో 12 వేలు ఎక్కడినుంచి తెస్తారు? బ్యాంకు బాకీ తీర్చడానికి బయట వడ్డీకి తెచ్చి రెండూ పోగొట్టుకున్నవాళ్ళని నేను చాలామందిని చూశాను, అందుకే మీ ఉత్తరానికి ఇంత గట్టిగా రాస్తున్నా.

క్లబ్ చెయ్యడం గురించి మీ లాయర్ గారు చెప్పింది తప్పేం కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికంటూ విడిగా సెక్షన్ లేకపోయినా సెక్షన్ 151 కింద కోర్టుకి ఆ అధికారం ఉందని 2004లో చిట్టివలస జూట్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అక్కడ ఒకే లావాదేవీ మీద ఒక దావా విశాఖలో, ఇంకోటి రీవాలో నడుస్తుండేవి. మీ సీసీ దావా, మీ లెక్కల దావా రెండిట్లో అకౌంటు ఒకటే, స్టేట్‌మెంటు ఒకటే, సాక్ష్యం చెప్పే బ్యాంకు ఆఫీసరూ ఒకరే, కాబట్టి వాటిని కలపమని అడగండి, వేర్వేరు కోర్టుల్లో ఉంటే సెక్షన్ 24 కింద ఒకచోటికి మార్పించుకోవచ్చు. తమ్ముడి కేసు వేరు. అక్కడ తేలాల్సింది వీలునామా చెల్లుతుందా లేదా అన్నది, దాన్ని కూడా తెచ్చి కలిపితే సీసీ లెక్క తేలడానికి వీలునామా సాక్షుల కోసం ఎదురుచూడాల్సొస్తుంది. ఇంకోటి, విచారణ కలిసినా డిక్రీలు వేరువేరుగానే వస్తాయి, కట్టిన కోర్టు ఫీజులు ఒకటైపోవు, ఓడిపోతే ఒకదాని మీద అప్పీలుకి వెళ్ళి రెండోది వదిలేస్తే ఆ వదిలేసిందే మీకు అడ్డం తిరుగుతుంది.

అసలు ప్రమాదం ఈ మూడిట్లోనూ లేదు. నాలుగోది, ఆ సర్ఫేసీ నోటీసు, దాన్ని సివిల్ కోర్టు కేసులతో క్లబ్ చెయ్యలేరు. ఆ చర్యని ఆపమని సివిల్ కోర్టు ఇంజంక్షన్ ఇవ్వకూడదని ఆ చట్టంలోనే సెక్షన్ 34 ఉంది. మీరు మూడు దావాలు కలిపించి హమ్మయ్య అనుకునేలోపు బాకీ కట్టమని నోటీసులో ఇచ్చిన 60 రోజుల గడువు అయిపోతుంది. అభ్యంతరాలుంటే ఇప్పుడే రాతపూర్వకంగా బ్యాంకుకి ఇవ్వండి, 15 రోజుల్లో వాళ్ళు జవాబివ్వాలి. గేటుకి పొజెషన్ (స్వాధీనం) నోటీసు అంటించారంటే అక్కడినుంచి 45 రోజుల్లో డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి. ఇక వేలం నోటీసు పబ్లిష్ అయ్యాక, మొత్తం కట్టేస్తాను నా ఇల్లు నాకివ్వండి అన్నా హక్కుగా అడగలేరు, 2016 సవరణ తర్వాత పరిస్థితి ఇదే, 2023లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది.

ఇప్పుడు నా గోడు వినండి. మీరు పంపిన స్టేట్‌మెంట్ లైను లైనూ చూశాను. మొదటి ఈఎంఐ బౌన్స్ అయిన రోజున అకౌంట్లో ఉన్నది 2,860 రూపాయలు. దానికి నాలుగు నెలల ముందు ఒక కాంట్రాక్టర్ దగ్గర్నుంచి ఆరున్నర లక్షలు ఒకేసారి వచ్చాయి, పది రోజుల్లో అదంతా కారు డౌన్ పేమెంటుకి, షాపు ఫాల్స్ సీలింగ్‌కి వెళ్ళిపోయింది. ఆరు నెలల ఈఎంఐ అంటే లక్షా 86 వేలు, మీరు రాసిన ఇంటి ఖర్చు నెలకి 35 వేల లెక్కన ఆరు నెలలకి 2 లక్షల 10 వేలు, రెండూ కలిపి 3 లక్షల 96 వేలు. అంటే ఆ ఆరున్నర లక్షల్లోంచి ఇది పక్కన పెట్టేసినా ఇంకా రెండున్నర లక్షలు మిగిలేవి! ఈఎంఐ బాకీ 90 రోజులు దాటితే అకౌంటు ఎన్‌పీఏ (మొండి బాకీ), మూడు ఈఎంఐలు, 93 వేలు, ఆ మాత్రం చేతిలో లేకే కదా ఈ నోటీసు వచ్చింది. వ్యాపారం చేసేవాళ్ళు దాదాపు అందరూ చేసే తప్పు ఇదే, సీసీ లిమిట్ ఉందిగా అదే మా ఎమర్జెన్సీ ఫండ్ అనుకుంటారు. లిమిట్ బ్యాంకు డబ్బు సార్, మీది కాదు, మీకు అవసరం పడిన రోజే వాళ్ళు దాన్ని ఆపేస్తారు.

కాబట్టి కారు అమ్మేయండి. దాని మీద లోన్ పోగా వచ్చిన డబ్బులో మొదట రెండు నెలల ఇంటి ఖర్చు, అంటే 70 వేలు, తనఖా పెట్టిన బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకులో వేయండి, ఎందుకంటే ఇక్కడ వేస్తే బాకీ కింద జమ చేసుకోవచ్చు. మిగతాది పట్టుకుని బ్రాంచికి వెళ్ళి ఓవర్‌డ్యూ ఎంత కడితే హౌసింగ్ లోన్ రెగ్యులర్ అవుతుందో లెటర్ మీద రాయించుకోండి. సీసీకి ఓటీఎస్ (కొంత తగ్గించి బాకీ మొత్తం తేల్చేసే సెటిల్‌మెంటు) అడగండి, లోక్ అదాలత్‌లో రాజీ అయితే కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, కానీ ఓటీఎస్‌లో ఒప్పుకున్న వాయిదా తప్పితే మొత్తం రద్దయ్యి పాత బాకీ మళ్ళీ నెత్తిన పడుతుంది. చాలామంది ఉన్నదంతా ఊడ్చి మొదటి వాయిదా కట్టేసి, రెండో వాయిదా రోజున ఇంట్లో జ్వరమొచ్చినా చేతిలో పైసా లేక మళ్ళీ మొదటికొస్తారు. ఆ 70 వేలు పక్కన పెట్టమన్నది అందుకే, దాన్ని లాయర్ ఫీజుకి కూడా ముట్టుకోకండి.

మీ పేరు మీద లోన్లకి సరిపడా టర్మ్ ఇన్సూరెన్స్ లేదని రాశారు, పరిస్థితి కుదుటపడగానే తీసుకోండి. తమ్ముడితో పెద్దవాళ్ళని పెట్టి మాట్లాడే దారి ఉంటే మాట్లాడండి, ఇల్లు వేలానికి పోతే అతను అడిగే సగానికీ గొడవే.

సర్ఫేసీ నోటీసు అందిన తేదీ మీరు రాయలేదు. రేపు పొద్దున్నే ఆ కవరు బయటికి తీసి తేదీ చూసుకుని, అక్కడినుంచి 60 రోజులు క్యాలెండర్ మీద లెక్కేసి, ఆ కాగితం పట్టుకుని లాయర్ గారి దగ్గరికి వెళ్ళండి. క్లబ్ చేసే పిటిషన్ తర్వాత వేసుకోవచ్చు.