గడియారం సున్నాకి వచ్చేదాకా లేవకు

చిరంజీవి చిట్టికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ విశాఖ నుంచి ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇది డిసెంబరు చలిలో, అర్ధరాత్రి దాకా ఆరుబయట కూర్చుని ఆ అమెరికా ఫుట్‌బాల్ చూస్తుందట. టికెట్టుకి ఎంత పోసిందో కూడా చెప్పడం లేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు" అంది. సరే చెబుతానన్నాను. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యతో "చిట్టి మన పిట్స్‌బర్గ్ టీమ్ స్టీలర్స్ ఆటకి వెళ్తోంది" అని మూడుసార్లు అన్నానట. ఆవిడ లెక్కపెట్టింది.

నిన్ను ఆపమనే మీ అమ్మ ఉద్దేశం. నేను ఆపను. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో అయితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటూ పెట్టేస్తావు.

ముందు చిన్న చిన్నవి చెప్పేస్తాను. స్టేడియంకి కారు తీసుకెళ్ళకు. డౌన్‌టౌన్ నుంచి 'టీ' రైలు నది కిందుగా వెళ్ళి పక్కనే దింపుతుంది, టికెట్ కూడా అక్కర్లేదు. లోపలికి పారదర్శకంగా ఉండే సంచీనే తీసుకెళ్ళనిస్తారు, నీ ఆఫీసు బ్యాగు ఇంట్లో పెట్టు. కడుపునిండా తినే వెళ్ళు. ఆదివారమే కాబట్టి పొద్దున్నే పెన్ హిల్స్ కొండ మీద వెంకన్న గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని, అక్కడే పులిహోర తిను. ఆ గుడి కట్టింది డెబ్బైల్లో. నేను ఆ ఊళ్ళో ఉన్న రోజుల్లో ఆదివారమంటే ఆ రెండే, పొద్దున గుడి, మధ్యాహ్నం ఆట.

చలి సంగతి మాత్రం ఒక్క లైనుతో వదలను. చలి పైనుంచి రాదమ్మా, కిందనుంచి వస్తుంది. కాళ్ళ కింద కాంక్రీటు మూడున్నర గంటల సేపు ఒంట్లోని వేడంతా లాగేస్తుంది. ఒక అట్టపెట్టె కోసి, ఆ అట్టముక్క పాదాల కింద వేసుకో. మేజోళ్ళు ఉన్నివి ఒక జత చాలు. రెండు జతలు వేసి బూటు బిగించావంటే రక్తం ఆడక వేళ్ళు ఇంకా తొందరగా మొద్దుబారతాయి. పిట్స్‌బర్గ్‌లో మా ఉక్కు మిల్లులో రాత్రి షిఫ్టులో యార్డు పని చేసేవాళ్ళు నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే.

ఇంకొకటి, ఇది కోపంగానే చెబుతున్నాను. ఫోన్‌లో పందేలు కాయడం ఇప్పుడు అక్కడ చట్టబద్ధమే అని తెలుసు. నువ్వు ఒక్క డాలరు కూడా పెట్టకూడదు. సంక్రాంతి కోడిపందాల్లో మా చిన్నాన్న రెండెకరాలు పోగొట్టుకోవడం మీ అమ్మా నేనూ కళ్ళారా చూశాం. డబ్బు పెట్టాక నువ్వు చూసేది ఆట కాదు, నీ డబ్బు. నీ స్నేహితులు ఎవరైనా బలవంతపెడితే మావయ్య ఒట్టు వేయించుకున్నాడని చెప్పు.

సరే. ఇప్పుడు ఆ టోపీ సంగతి. ఫొటోలో నువ్వు పెట్టుకున్న టోపీ మీద గుర్తు చూశావా, మూడు నక్షత్రాల్లాంటి ముక్కలు? పసుపు బొగ్గు, నారింజ ముడి ఇనుము, నీలం తుక్కు ఉక్కు. ఉక్కు పరిశ్రమ వాళ్ళ గుర్తు అది, వాళ్ళ అనుమతితో 1962 నుంచి టీమ్ పెట్టుకుంది. ఆటగాళ్ళ హెల్మెట్‌కి కుడివైపు మాత్రమే ఉంటుంది, ఎడమవైపు ఖాళీ. వరంగల్ ఆర్‌ఈసీలో మెటలర్జీ చదివినవాడిని కదా, 1979లో ఆ ఊళ్ళో ఉద్యోగంలో చేరిన మొదటి వారం టీవీలో ఆ హెల్మెట్ చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. నేను చదివిన చదువు ఒకడి తల మీద మెరుస్తోంది! పన్నెండేళ్ళప్పుడు "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని వీధుల్లో అరిచిన కుర్రాణ్ణి. ఉక్కు కోసం ఒక ఊరు ఊరంతా ఒక్కటవడం నాకు కొత్త కాదు. ఆ ఊరు నాకు అప్పుడే అర్థమైంది.

ఆ సీజన్‌లోనే, 1980 జనవరిలో, సూపర్ బౌల్, అంటే ఆ ఆటలో దేశానికంతటికీ ఆఖరి పోటీ, గెలిచారు. ఆరేళ్ళలో నాలుగోది. ఏటా ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. మళ్ళీ గెలవడానికి 2006 దాకా పట్టింది. ఇరవయ్యారేళ్ళు! ఈలోపు మిల్లులు మూతపడ్డాయి. 1983లో నా ఉద్యోగం పోయింది. నదుల వెంట పొగగొట్టాలు ఒక్కొక్కటే చల్లారుతుంటే వేలమంది ఊరు విడిచి టెక్సస్‌కీ, ఫ్లోరిడాకీ, ఎక్కడ పని దొరికితే అక్కడికి పోయారు. పోతూ పోతూ, ఆటలో అభిమానులు గాల్లో తిప్పే పసుపు టవల్ పట్టుకుపోయారు. ఈ రోజు స్టీలర్స్ ఏ ఊళ్ళో ఆడినా స్టాండ్స్‌లో పసుపు టవళ్ళు కనిపిస్తాయి చూడు, వాళ్ళంతా అలా చెదిరిన వాళ్ళూ, వాళ్ళ పిల్లలూ. నేను హ్యూస్టన్ వచ్చాను. రెండేళ్ళ పిల్ల మీ వదిన, మీ అత్తయ్య, రెండు పెట్టెలు, మా ఫోర్‌మన్ ఇచ్చిన టవల్.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1989 డిసెంబరు 31. హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ స్టేడియం. స్టీలర్స్ ప్లేఆఫ్ ఆటకి, అంటే సీజన్ చివర ఓడితే ఇంటికే అనే ఆటకి, మా ఊరొచ్చారు. ఆ సీజన్ ఎలా మొదలైందో తెలుసా? మొదటి ఆటలో క్లీవ్‌లాండ్ చేతిలో 51-0. రెండోది సిన్సినాటీ చేతిలో 41-10. అలాంటి టీమ్ ప్లేఆఫ్ దాకా రావడమే ఒక ముచ్చట. మీ వదినకి అప్పుడు ఎనిమిదేళ్ళు. నెల రోజుల నుంచి టవల్ మడతపెట్టి దిండు కింద పెట్టుకుని పడుకుంది. ఆ రోజు జేబులో పెట్టుకుని వచ్చింది. "నాన్నా, ఎప్పుడు తిప్పాలి?" అని అడుగుతూనే ఉంది. "గెలిచేటప్పుడు తిప్పుదువుగానిలే" అన్నాను.

నాలుగో క్వార్టర్‌లో హ్యూస్టన్ 23, మనం 16. చుట్టూ ఎనలేని గోల. పైకప్పున్న స్టేడియం కదా, ఆ మోత తల మీద సుత్తి పెట్టి కొట్టినట్టుంది. వెనక వరసలో ఇద్దరు మా ఆఫీసు వాళ్ళు. రేపు వీళ్ళ మొహం ఎలా చూడాలా అనుకున్నాను. వాచీ చూసుకున్నాను. ఆ రాత్రి కొత్త సంవత్సరం పార్టీకి వెళ్ళాలి, మీ అత్తయ్య గారెలకి పప్పు నానబోసింది. "పదమ్మా, ట్రాఫిక్ ఎక్కువవుతుంది" అన్నాను.

ట్రాఫిక్ కాదు, పార్టీ కాదు. ఓడిపోవడం చూడలేక లేచాను. అంతే.

మీ వదిన కుర్చీ చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. మెట్లు దిగుతుంటే అంది, "నాన్నా, వాళ్ళు ఇంకా ఆడుతున్నారు కదా. మనమెందుకు వెళ్ళిపోతున్నాం?"

నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

గేటు దాటి పది అడుగులు వేశామో లేదో, లోపల గోల ఆగిపోయింది. తగ్గడం కాదు, కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. పరాయి స్టేడియంలో నిశ్శబ్దం వచ్చిందంటే మనకి మంచి జరిగినట్టు. మన మెరిల్ హోగ్ టచ్‌డౌన్ చేశాడు, ఆటలో నిమిషం కూడా లేదనగా. 23-23. పిల్లని ఎత్తుకుని వెనక్కి పరిగెత్తాను. గేటు దగ్గర పెద్దాయనకి చించిన టికెట్ ముక్క చూపించాను. బయటికి వెళ్ళాక మళ్ళీ లోపలికి లేదన్నాడు. బతిమాలాను. ఆయన తప్పేం లేదు, రూలు రూలే. ఆయన దగ్గర చిన్న రేడియో ఉంది. అది మా వైపు తిప్పిపెట్టాడు. ఆ సిమెంటు గోడకి ఆనుకుని ఓవర్‌టైమ్ విన్నాం. మన గ్యారీ ఆండర్సన్, కాలితో తన్ని 50 గజాల ఫీల్డ్ గోల్. మళ్ళీ ఆ నిశ్శబ్దం. 26-23.

గెలిచాం. మీ వదిన జేబులోంచి టవల్ తియ్యలేదు. కారులో కూర్చున్నాక తీసింది, ఒళ్ళో పెట్టుకుని నాలుగు మడతలు వేసింది, నా పక్క సీటులో పెట్టింది. ఇంటికి చేరేదాకా ఒక్క మాట లేదు. నేను ఎన్ని ఆటలకి తీసుకెళ్ళినా ఆ టవల్ తను మళ్ళీ పట్టుకోలేదు.

చాలా ఏళ్ళ తర్వాత నాకు ఒక సంగతి కొంచెం ఊరటనిచ్చింది. 1933లో టీమ్ పెట్టిన ఆర్ట్ రూనీ నలభై ఏళ్ళు ఒక్క ప్లేఆఫ్ గెలుపు కోసం కాచుకున్నాడు. 1972 డిసెంబరు 23న ఓక్లాండ్ మీద 7-6తో వెనకబడి, ఇంకా 22 సెకన్లు ఉన్నాయనగా, ఇక ఓడిపోయాం, కుర్రాళ్ళని ఓదారుద్దామని లిఫ్ట్ ఎక్కాడు. ఆయన లిఫ్ట్‌లో ఉండగానే మన బ్రాడ్‌షా విసిరిన బంతి ఎగిరిపడి వెనక్కి వచ్చింది, మన ఫ్రాంకో హ్యారిస్ దాన్ని నేలకి తగలబోతుండగా అందుకుని పరిగెత్తాడు. 13-7. నలభై ఏళ్ళు ఎదురుచూసింది ఆ పెద్దాయన కళ్ళతో చూడలేదు! మరి నేనెంత? ఆ పాత స్టేడియం కూల్చేశారు, కానీ ఫ్రాంకో బంతి అందుకున్న చోట ఫుట్‌పాత్ మీద గుర్తు ఉంది. ఆట ముందు వెళ్ళి అక్కడ ఒక్క నిమిషం నిలబడు. యాభై ఏళ్ళ తర్వాత, 2022లో, ఆయన 32 నంబరుని సత్కరించే రోజుకి నాలుగు రోజుల ముందు ఫ్రాంకో కన్నుమూశాడు. ఆ సత్కారం రాత్రి పిట్స్‌బర్గ్‌లో ఎముకలు కొరికే చలి. ఆఖరి నిమిషం దాకా వెనకబడి 13-10తో గెలిచారు. ఇక్కడ టీవీ ముందు నేనూ మీ వదినా పక్కపక్కనే కూర్చున్నాం. ఇద్దరం లేవలేదు.

ఇదంతా నీకెందుకు చెబుతున్నానంటే నువ్వు నా మేనకోడలివి. నీకు ఆరేళ్ళప్పుడు విశాఖలో మన డాబా మీద క్యారమ్స్ ఆడుతూ, నేను రెడ్ వెయ్యగానే "నిద్రొస్తోంది మావయ్యా" అని లేచిపోయావు. మధ్యాహ్నం మూడింటికి! అందరూ నవ్వారు. నాకు మాత్రం గుండె కలుక్కుమంది. అది నా బుద్ధే. ఓడిపోతున్నామని తెలియగానే మన కాళ్ళు మనకంటే ముందు తలుపు దగ్గరికి వెళ్తాయి. కాబట్టి చలేస్తే లోపలి వరండాలోకి వెళ్ళి పది నిమిషాలు వెచ్చబడు, మళ్ళీ వచ్చి కూర్చో. పక్కన తాగి అరిచేవాడుంటే అక్కడి సిబ్బందికి చెప్పి సీటు మార్చుకో. ఒంట్లో బాగోలేకపోతే మాత్రం తక్షణం ఇంటికి వెళ్ళు, దానికి నేనేమీ అనను. కానీ స్కోరు చూసి లేవకు.

ఈ ఉత్తరంతో పార్సిల్‌లో ఒక టవల్ వస్తుంది. ఆ టవలే. అడిగితే మీ వదినే బీరువాలోంచి తీసి ఇచ్చింది. "చిట్టిని తిప్పమను" అంది. పసుపు వెలిసి గంధం రంగుకి వచ్చింది, ఒక మూల కుట్టు ఊడితే మీ అత్తయ్య నిన్న వేసింది. కింద పడెయ్యకు, దాంతో ముక్కు తుడుచుకోకు. స్నేహితులకి కావాలంటే అసలైనవే కొనమను. రేడియోలో ఆటలు చెప్పే మైరన్ కోప్ 1975లో మొదలుపెట్టాడు ఆ టవల్‌ని. 1996లో దాని హక్కులు మొత్తం తన కొడుకు ఉన్న ప్రత్యేక అవసరాల పిల్లల బడికి రాసిచ్చేశాడు. అసలుది కొంటే ఆ డబ్బు ఆ పిల్లలకి చేరుతుంది.

ఇంకో మాట. గెలిచేటప్పుడు తిప్పుదువుగానిలే అని నేను మీ వదినతో అన్నాను కదా. అది కూడా తప్పే. మొదటి బంతి నుంచీ తిప్పు.

ఆట రాత్రి పదకొండున్నరకి గానీ అవదు. అందరూ కలిసే రైలెక్కండి, ఒక్కదానివి నడవకు. మీ అమ్మకి అప్పటికి విశాఖలో పొద్దున పది అవుతుంది, తనకి ముందు ఫోన్ చెయ్యి. ఆ తర్వాత నాకు. మేం ఇద్దరం మేలుకునే ఉంటాం, నేనూ మీ వదినా. ఎంత ఆలస్యమైనా సరే.

మావయ్య
హ్యూస్టన్