గాలించడాన్ని పోలీసులకే రాసిచ్చామా?

సందేహం: మా కళాశాల పత్రికకు ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో "ప్రయోగశాలలో పెంచిన ఆర్గనాయిడ్లపై పెప్టైడ్ మందులను జల్లెడ పట్టడం జరుగుతుంది" అని రాశాను. సహాధ్యాపకులు జల్లెడ కొట్టేసి 'వడపోత' అని దిద్దారు. స్క్రీనింగ్‌కు, అంటే ఎన్నో మందులను పరీక్షించి పనికొచ్చేవాటిని ఏరడానికి, ఏ మాట సరైనది? ఆర్గనాయిడ్‌ను, అంటే కణాల నుంచి పెంచిన చిట్టి అవయవపు ముద్దను, 'కృత్రిమ అవయవం' అనవచ్చా?
– ఒక అధ్యాపకురాలు, మిర్యాలగూడ

సమాధానం: బియ్యం మిల్లుల ఊళ్లో ఉండి ఈ ప్రశ్న నన్ను అడిగారు! అయితే తప్పు మీది కాదు. మిల్లుల నుంచి రాళ్లు లేని బియ్యం సంచుల్లో రావడం మొదలయ్యాక మన వంటింట్లో ఒక క్రియ మూగబోయింది. నల్లగొండలో మా అమ్మ బియ్యాన్ని ముందు చాటలో చెరిగేది. పొట్టూ తవుడూ పోయేవి. గింజంత రాయి మాత్రం చాటకూ చిక్కదు, జల్లెడకూ చిక్కదు. అప్పుడు గిన్నెలో నీళ్లు పోసి, వాటంగా ఊపుతూ, నీటితో పాటు లేచిన బియ్యాన్ని కొద్దికొద్దిగా రెండో గిన్నెలోకి వంచేది. చివరికి మొదటి గిన్నె అడుగున గుక్కెడు నీళ్లు, నాలుగు రాళ్లు మిగిలేవి. దాన్నే గాలించడం అంటారు.

జల్లెడ చూసేది పరిమాణాన్ని. వడపోత నీటినీ నలకనూ విడదీస్తుంది. గాలింపు అలా కాదు, చూపులకు ఒకేలా ఉన్నవాటిని నడతను బట్టి వేరు చేస్తుంది. మీ ప్రయోగశాలలో జరిగేది ఈ మూడో పని కాదూ? పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల దండ. అందులో ఒక్క పూస మారినా గుణం మారవచ్చు, ఆ తేడా ఏ జల్లెడ కన్నానికీ అందదు. 2009లో శాస్త్రవేత్తలు హాన్స్ క్లెవర్స్, తోషిరో సాటోల బృందం ఎలుక పేగులోని ఒక్క మూలకణం (స్టెమ్ సెల్) నుంచి చిట్టి పేగు ముద్దను పెంచింది. అలాంటి ముద్దల మీద మందు పోసి, ఉబ్బిందా, ముడుచుకుందా, చచ్చిందా అని చూస్తారు. ఇందులో ఒక చిక్కుంది. మలబద్ధకానికి వాడే 14 అమైనో ఆమ్లాల లినాక్లోటైడ్ వంటి పెప్టైడ్ మందు పనిచేయాల్సింది పేగు లోపలి గోడ మీద. ఆ గోడేమో ముద్ద లోపల మూసుకుని ఉంటుంది. అందుకని దిండు గలీబును తిరగేసినట్టు, లోపలి గోడ బయటికి వచ్చేలా పెంచే పద్ధతి కూడా కనిపెట్టారు.

గాలించుకూ గాలికీ చుట్టరికం కలిపేవారున్నారు. గాలికి పోసి చేసేది తూర్పారపట్టడం, అది కళ్లంలో పని. గాలించుకు నీళ్లు కావాలి. సంస్కృతంలో 'గల' ధాతువుకు జారడం, కారడం అని అర్థం. దాని ప్రేరణరూపం నుంచి వచ్చిన గాలనం అంటే వడియగట్టడం. మన క్రియ అక్కడిదే అని నా నమ్మకం. కన్నడంలోనూ గాళిసు ఉంది. ఆయుర్వేద గ్రంథాల్లో చూర్ణాన్ని బట్టలో జల్లించడాన్ని 'వస్త్రగాళితం' అంటారు. (ఈ మధ్య అందరూ దీన్ని 'వస్త్రఘాళితం' చేశారు. ఆ ఒత్తు ఎక్కడిదో నాకు బోధపడదు.) అంటే మందుకూ గాలింపుకూ ఉన్న బంధుత్వం ఆర్గనాయిడ్ల కంటే చాలా పాతది. గాలిస్తేనే కదా తేలేది! "పరిశోధనలో తేలింది" అని రోజూ రాసే పత్రికలు ఆ తేలడం ఏ నీళ్లలోనో మరిచిపోయాయి. దొంగ పారిపోతే గాలింపు, సాగర్ కాలువలో మనిషి గల్లంతైతే గాలింపు! మాటను అలా పోలీసులకు రాసిచ్చి, శాస్త్రానికి మాటల్లేవని వాపోవడం ఏం న్యాయం?

అలాగని వడపోత తప్పని అనను. అభ్యర్థులనూ దరఖాస్తులనూ వడపోసే కాలంలో ఆ అర్థం బాగానే నాటుకుంది. జల్లెడకూ అంతే. మీ వ్యాసంలో ఒకసారి 'గాలింపు' అని రాసి చూడండి. చదివేవారు దొంగల కోసం వెతికితే మార్చుకోవచ్చు.

ఇక 'కృత్రిమ అవయవం' వద్దు. అది జైపూర్ కాలు వంటిదానికి చెల్లుతుంది. 'అవయవాభాసం' అందామంటే, తర్కశాస్త్రంలో హేత్వాభాసం (హేతువులా కనిపించే తప్పుడు హేతువు) చదివినవారికి అందులో మోసం తోస్తుంది. పాణిని కొద్దిగా తక్కువైనదానికి 'కల్ప' ప్రత్యయం చెప్పాడు. మృతకల్పుడు చచ్చినవాడు కాదు, చావుకు దగ్గరైనవాడు. రక్తనాళాలూ నరాలూ సాధారణంగా లేని ఈ ముద్దకు 'అవయవకల్పం' అతికినట్టు సరిపోతుంది. కల్పితమని పొరబడే ప్రమాదముంది కనుక పట్టుబట్టను. ఆర్గనాయిడ్ అన్నా నష్టం లేదు.

పెప్టైడ్‌ను మాత్రం కదిలించకండి. దాని మూలమైన గ్రీకు మాటకు అరిగినది అని అర్థం, అది మన పక్వానికీ పాకానికీ దాయాది. మింగితే అరిగిపోతుందనే కదా, పెప్టైడే అయిన ఇన్సులిన్‌ను సూదితో ఇస్తున్నది!

అన్నట్టు, మీ సహాధ్యాపకులు జల్లెడను కొట్టేసి, దాని పక్కనున్న "జరుగుతుంది"ని ఎలా వదిలేశారు? "పరీక్షిస్తారు" అంటే పోయేది.