ఒక్క వాక్యంతో శాఖ రద్దవుతుందా?

ప్రశ్న: మా మనవరాలు విజయనగరంలో బీటెక్ పూర్తి చేసి, అమెరికాలో ఎమ్మెస్‌కు సీటు తెచ్చుకుంది. ఆ దేశంలో విద్యాశాఖనే ఎత్తివేయడానికి బిల్లు పెట్టారని మూడు లాంతర్ల దగ్గర మిత్రులు చెప్పుకుంటుండగా విన్నాను. శాఖే లేకపోతే పిల్ల చదువుకు విలువ ఉంటుందా? ఇంటి దస్తావేజులు బ్యాంకులో పెట్టి అప్పు చేయబోతున్నాము కనుక అడుగుతున్నాను.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, ముందు మీ మనవరాలి సంగతి చూద్దాం. సీటు ఇచ్చింది విశ్వవిద్యాలయం. వీసాకు కావలసిన ఐ-20 అనే ప్రవేశ ధ్రువపత్రం ఇచ్చేదీ అదే. ఆ పత్రాల లెక్క చూసేది అక్కడి అంతర్గత భద్రతా శాఖ, వీసా ఇచ్చేది విదేశాంగ శాఖ కింద పనిచేసే హైదరాబాదు కాన్సులేటు. ఈ దారిలో విద్యాశాఖ గుమ్మం ఎక్కవలసిన పని లేదు. ఆ శాఖ ఇచ్చే రుణాలు విద్యార్థి వీసాపై వెళ్లేవారికి ఎలాగూ దక్కవు. దక్కితే మీకు దస్తావేజులు బయటకు తీయవలసిన అవసరమే ఉండేది కాదు. సంబంధం ఉన్నది ఒక్కచోట మాత్రమే. అక్కడ కళాశాలల ప్రమాణాలను పరీక్షించి గుర్తింపు ఇచ్చేవి ప్రైవేటు సంస్థలైనా, ఆ సంస్థలలో ఏవి నమ్మదగినవో తేల్చేది విద్యాశాఖే. శాఖ పోతే ఆ పనిని మరొకరికి అప్పగించక తప్పదు.

ఇక బిల్లు. కెంటకీ రాష్ట్రం నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికైన థామస్ మాసీ 2025 జనవరిలో ప్రవేశపెట్టిన ఈ బిల్లులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం: 2026 డిసెంబరు 31న విద్యాశాఖ ముగియాలి. పోస్టుకార్డు మీద రాస్తే చిరునామా రాసే వైపు ముట్టుకోనక్కరలేదు. 2017లో ఆయన పెట్టిన బిల్లులోనూ ఇదే వాక్యం, తేదీ మాత్రం 2018 డిసెంబరు 31. ఇది కొత్త పాట కూడా కాదు. మన విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడితే, ఆ శాఖను ఏర్పరచే చట్టంపై అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అదే ఏడు అక్టోబరు 17న సంతకం చేశారు. మరుసటి ఏడు ఎన్నికలలోనే ఆయనపై పోటీ చేసిన రొనాల్డ్ రీగన్ దాన్ని ఎత్తివేస్తానన్నారు.

ఆ వాక్యం చెప్పనిది ఒకటి ఉంది: శాఖ చేసే పనులు ఎవరు చేయాలి? పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు నిధులిచ్చే చట్టం 1965 నాటిది, వైకల్యం గల పిల్లల చదువుకు హామీ ఇచ్చే చట్టం 1975 నాటిది. అంటే శాఖ కంటే దాని పనులే వయసులో పెద్దవి. శాఖను తీసేసినా ఆ చట్టాలు పుస్తకంలోనే ఉంటాయి, నాలుగు కోట్ల పైచిలుకు మంది తీర్చవలసిన విద్యారుణాలూ ఉంటాయి. పాఠ్యాంశాలను కేంద్రం చేతి నుంచి విడిపించడానికే ఈ బిల్లు అని కొందరు వాదిస్తారు గాని, అది నిలిచే వాదన కాదు. ఏం చెప్పాలో నిర్ణయించేవి అక్కడ రాష్ట్రాలూ స్థానిక బడి బోర్డులే. శాఖ అందులో తలదూర్చరాదని 1979 చట్టంలోనే రాసి ఉంది.

మన వైపు ఇటువంటిది ఒకసారి చూశాం. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాలను, మునసబులను ఒక్క ఆర్డినెన్సుతో తొలగించింది. పాలకొండ వైపు కరణీకం చేసిన మా పెదనాన్నగారు అడంగళ్లు, పొలాల కొలతలుండే ఎఫ్ఎంబీ పటాలు గోనెసంచిలో కట్టి తాలూకా కచేరీలో అప్పగించి వచ్చారు. అయినా ఏడాది పాటు రైతులు మా అరుగు మీదికే వచ్చి, ‘బాబూ, మా గట్టు సర్వే నంబరు ఎంత?’ అని అడిగేవారు. ఉద్యోగం రద్దయింది, శిస్తు కాలేదు, గట్టు తగాదా అంతకన్నా కాలేదు. ఆ తొలగింపు సరైనదేనని నా అభిప్రాయం. కాని ఆ సంచి ఎవరు విప్పుతారన్నది ముందే తేల్చుకోవలసింది.

అమెరికాలో ఇప్పుడు సంచి కట్టడం మాత్రం మొదలైంది. శాఖ మూసివేతకు వీలైన చర్యలు తీసుకోవాలని 2025 మార్చి 20న అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు, సిబ్బందిని దాదాపు సగానికి తగ్గించారు, జులైలో సుప్రీంకోర్టు ఆ తొలగింపులు సాగడానికి అనుమతించింది. అయితే చట్టంతో పుట్టిన శాఖ చట్టంతోనే పోవాలి. అక్కడి ఎగువసభ అయిన సెనేట్‌లో చర్చను ముగించి ఓటింగుకు వెళ్లాలంటేనే నూటికి అరవై ఓట్లు కావాలి. 2025లో ట్రంప్ పార్టీ అయిన రిపబ్లికన్లకు ఉన్నవి యాభై మూడు.

ప్రశ్న: విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించి గ్రాంట్లు ఇచ్చే మన యూజీసీని కూడా ఎత్తివేస్తారా? ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం డిగ్రీలు ఏమవుతాయి?
– ఒక విద్యార్థిని, ఆమదాలవలస

జవాబు: 1956 నాటి యూజీసీ చట్టాన్ని రద్దు చేసే ముసాయిదా 2018లోనే వచ్చి ఆగిపోయింది. 2025 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన వికసిత్ భారత్ శిక్షా అధిష్ఠాన్ బిల్లు యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ, ఉపాధ్యాయ శిక్షణను చూసే ఎన్‌సీటీఈల స్థానంలో ఒకే సంస్థను తెస్తుంది. దానిని సంయుక్త పార్లమెంటరీ సంఘానికి పంపారు. అమెరికా బిల్లులా కాక, పాతదాని స్థానంలో ఏది వస్తుందో ఇది చెబుతోంది. మీ విశ్వవిద్యాలయం రాష్ట్ర చట్టంతో ఏర్పడింది కనుక డిగ్రీ ఎక్కడికీ పోదు. మీ అధ్యాపకులను అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: యూజీసీ చేతిలో ఉన్న గ్రాంట్ల పంపిణీ కొత్త సంస్థకు కాక నేరుగా మంత్రిత్వ శాఖ చేతికి పోతే, ఎచ్చెర్ల వంటి చిన్న విశ్వవిద్యాలయం దరఖాస్తును ఢిల్లీలో ఎవరు చదువుతారు?