నాలుగు లక్షల టర్న్‌టేబుల్‌కీ లక్ష రూపాయల దానికీ తేడా చెవికి తెలుస్తుందా?

మీరు అడిగింది ఇది: నాన్నగారి పాత రికార్డులు వినడానికి మంచి టర్న్‌టేబుల్ కొనాలి, రాయగడలో విని చూసే షాపు లేదు, నాలుగు లక్షల దానికీ లక్ష రూపాయల దానికీ శబ్దంలో నిజంగా తేడా ఉంటుందా అని.

చాలామంది చెప్పేంత తేడా లేదు. ఉన్న తేడా కూడా మనం అనుకునే చోట ఉండదు. ఇది బరంపురంలో మా ఇంట్లో రెండు నెలలు కూర్చుని తేల్చుకున్న సంగతి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా తాతగారు పట్టు వ్యాపారం మీద కలకత్తా వెళ్లినప్పుడల్లా ప్లేట్లు, అంటే గ్రామఫోన్ రికార్డులు, తెచ్చేవారు. అప్పట్లో రికార్డులు అచ్చయ్యే డమ్‌డమ్ ఫ్యాక్టరీ అక్కడే కదా. వీధిలో ఒడియా, ఇంట్లో తెలుగు, సాయంత్రమైతే నాదస్వరం. అలా పెరిగాను. నా దగ్గర ఉన్నది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2. మా బావ రిటైరయ్యాక దాదాపు నాలుగు లక్షలు పెట్టి బెల్ట్‌తో తిరిగే టర్న్‌టేబుల్ కొన్నాడు. మొదటి రోజు రెండూ పక్కపక్కన పెట్టి విన్నాం. బావదే బాగుందని అందరం ఒప్పుకున్నాం, నేను కూడా. గాత్రం రెండడుగులు ముందుకొచ్చి పాడినట్టు అనిపించింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండింటికీ వేరువేరు కార్ట్రిడ్జ్‌లు (ముల్లు బిగించి ఉండే భాగాలు) ఉన్నాయి. అంటే మేం పోల్చింది టర్న్‌టేబుళ్లను కాదు, ముళ్లను. పైగా వాల్యూం చెవి అంచనాతో సరిచేశాం. మర్నాడు కొలిస్తే బావది దాదాపు ఒక డెసిబెల్ ఎక్కువ మోగుతోంది. అంత చిన్న తేడాను చెవి 'గట్టిగా ఉంది' అని గుర్తుపట్టదు, 'బాగుంది' అనే అనుకుంటుంది.

అందుకని మళ్లీ మొదలుపెట్టాం. ఒకే కార్ట్రిడ్జ్, ఆర్టోఫాన్ 2ఎం బ్లూ, ముందు నా దానికి, తర్వాత బావ దానికి బిగించాం. రెండుచోట్లా ముల్లు ప్లేటు మీద మోపే బరువు తూచి 1.8 గ్రాములకు పెట్టి, ముల్లు అమరికను ప్రొట్రాక్టర్ అనే కొలత పలకతో సరిచూశాం. ఒకే ప్లేటు, ఒకే ఫోనో ప్రీయాంప్ (ముల్లు నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచే పెట్టె). రెండింటినీ కంప్యూటర్లోకి రికార్డు చేసి, శబ్దం స్థాయి సమానం చేశాం. మా అబ్బాయి పక్కగదిలో నాణెం ఎగరేసి ఏది పడితే అది వినిపించేవాడు. బావ, నేను, వయొలిన్ నేర్చుకుంటున్న మా మేనకోడలు తలా పన్నెండుసార్లు చెప్పాం. బావకు ఏడు సరిపోయాయి, నాకు అయిదు. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసా చెప్పినా అంతే వచ్చేది. మేనకోడలికి మాత్రం పన్నెండుకి పన్నెండూ సరిపోయాయి.

బావ ముఖం వెలిగిపోయింది. తేడా ఉందన్నమాట! ఎలా గుర్తుపట్టావమ్మా అని అడిగాను. "ఒకదాంట్లో శ్రుతి కొంచెం పైకి ఉంది మామయ్యా" అంది. టెస్ట్ రికార్డులో 3150 హెర్ట్జ్ నాదం వేసి చూశాం. నా దాంట్లో 3150 దగ్గరే నిలబడింది, బావ దాంట్లో 3171. అంటే ఖరీదైనది ముప్పావు శాతంలోపు వేగంగా తిరుగుతోంది. హార్మోనియంలో ఒక మెట్టు మారాలంటే దాదాపు 6 శాతం కావాలి కాబట్టి ఇది మెట్టులో తొమ్మిదో వంతు మాత్రమే. శ్రుతి పట్టిన చెవికి అది చాలు. బావ దాని వేగం సరిచేసి, మళ్లీ రికార్డు చేసి వినిపిస్తే ఆ పిల్లకు కూడా పన్నెండులో ఆరే సరిపోయాయి.

నేను నమ్మేది ఆ సాయంత్రం నుంచి ఇదే. టర్న్‌టేబుల్ పని సమంగా తిరగడం, తన చప్పుడు తాను ముల్లుకు అంటనివ్వకపోవడం. ఈ రెండూ సరిగ్గా చేసే యంత్రాలు ఒకే ముల్లుతో దాదాపు ఒకేలా పలుకుతాయి. నా టెక్నిక్స్ 1979 నాటి నమూనా. వేగంలో ఒడిదుడుకులు 0.025 శాతం అని కంపెనీ లెక్క. అదే ప్లేటు నడిమి రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు పడితే, ముల్లు ప్లేటు మధ్య నుంచి పది సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు స్వరం అటూ ఇటూ అర శాతం ఊగుతుంది. నిమిషానికి 33⅓ చుట్ల ప్లేటుకు ఒక చుట్టు 1.8 సెకన్లు కాబట్టి అదే లయలో ఊగుతుంది. తంబురా శ్రుతి మీదో, నాదస్వరం నిలిపిన స్వరం మీదో ఇది స్పష్టంగా దొరికిపోతుంది, వాద్యాలు ఎక్కువున్న సినిమా పాటలో దాక్కుంటుంది. అందుకే విని చూసే అవకాశం వస్తే శ్రుతి నిలిపి ఉంచే ప్లేటు పట్టుకెళ్లండి. షాపువాళ్లు వేసే రికార్డుతో ఏమీ తేలదు.

వేగం గురించి ఇంకో సంగతి. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. బరంపురంలో కరెంటు పోయింది, మా వీధిలో నాలుగిళ్లకు కలిపి చిన్న జనరేటర్ తెచ్చుకున్నాం. మనసు కుదుటపడాలని రాత్రి అరగంట ప్లేటు వేసేవాణ్ణి. అప్పుడు నా దగ్గర వేరే ప్లేయర్ ఉండేది, నేరుగా కరెంటు మీద తిరిగే సింక్రనస్ మోటార్ది. ఎవరింట్లోనో ఫ్రిజ్ మొదలయ్యేసరికి నాదస్వరం జారిపోయేది. ఇలాంటి మోటార్ వేగం వోల్టేజీ మీద కాదు, ఫ్రీక్వెన్సీ మీద ఆధారపడుతుంది. 50 హెర్ట్జ్ 48కి దిగిందంటే స్వరం 4 శాతం, అర మెట్టుకు పైగా దిగినట్టే. క్వార్ట్జ్ నియంత్రణ ఉన్న డైరెక్ట్ డ్రైవ్‌కు (నా టెక్నిక్స్‌లా బెల్టు లేకుండా మోటారే నేరుగా తిప్పే రకానికి) ఆ బాధ లేదు, దాని కొలత దాని లోపలే ఉంటుంది. మన ఊళ్లలో జనరేటరో, చవకరకం ఇన్వర్టరో వాడక తప్పని ఇళ్లకు నేను దీన్నే చెబుతాను.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిచ్చే పాత బెల్ట్ ప్లేయర్లతో కూడా జాగ్రత్త. అక్కడి 60 హెర్ట్జ్ కరెంటు కోసం చేసిన పుల్లీతో (బెల్టును తిప్పే చిన్న చక్రంతో) ఉన్నది ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఇక్కడ 33⅓ బదులు దాదాపు 27.8 చుట్లే తిరుగుతుంది, స్వరం మూడు మెట్లు కిందికి పోతుంది. పుల్లీ మార్చాలి.

ఇక ప్లేయర్ ఎక్కడ పెడతామన్నది. మా ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. గూడ్సు బండి పోతుంటే ఆ అదురు ముల్లుకు అంది స్పీకర్ల పెద్ద కోన్లు శబ్దం లేకుండానే ముందుకూ వెనక్కూ ఊగేవి. బావ నాలుగు లక్షల యంత్రాన్ని మొదట మా చెక్క బీరువా మీదే పెట్టాం, వాల్యూం పెంచితే కింది స్వరాలు హోరెత్తాయి. తర్వాత గోడకు బ్రాకెట్లు కొట్టి రాతి పలక వేయించి దాని మీదికి మార్చాం. ఆ పలకతో వచ్చిన మార్పు మా వదిన వంటింట్లోంచే గుర్తుపట్టింది. రెండు యంత్రాల మధ్య వెతికిన తేడా కంటే అది ఎన్నో రెట్లు పెద్దది.

మీ డబ్బు వెళ్లాల్సింది ముల్లుకి. ప్లేటు అంచు దగ్గర గాడి సెకనుకు 50 సెంటీమీటర్ల వేగంతో ముల్లు కింద పోతుంది, లోపలి చివరికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అందుకే చివరి పాటలో 'స', 'శ' చిట్లినట్టు వినిపిస్తాయి. మంచి మొన ఉన్న ముల్లు, సరైన అమరిక ఆ చిట్లడాన్ని తగ్గిస్తాయి, ప్లేటును మోసే పళ్లెం ఎంత బరువైనదైనా తగ్గించలేదు. ఖరీదైన వాటిలో ఆర్మ్ (ముల్లును మోసే చేయి) బాగుంటుంది, బేరింగ్ దశాబ్దాలు నిలుస్తుంది, అది నేను కాదనను. ఆ పనితనం ఇష్టమై కొంటే సంతోషమే. శబ్దం కోసమైతే లక్ష లోపే ఆగి, మిగిలింది కార్ట్రిడ్జ్‌కీ ప్రీయాంప్‌కీ పెట్టండి.

నాన్నగారి ప్లేట్లలో 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేట్లు) ఉన్నాయా? ఉంటే ముందు అది చూసుకోండి, ఎందుకంటే నా టెక్నిక్స్‌లో 33, 45 తప్ప 78 వేగం లేదు. వాటికి ముల్లు కూడా వేరే, ఎల్పీ ముల్లు కంటే దాదాపు నాలుగింతలు లావు. ఎల్పీ ముల్లు 78 గాడిలో అడుగుకు జారిపోయి దుమ్ము చదువుతుంది. మన వాతావరణానికి ప్లేట్ల మీద బూజు ఎలాగూ ఉంటుంది. కడిగేటప్పుడు 78లకు స్పిరిట్ మాత్రం తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బట్ట చాలు.

సెకండ్‌హ్యాండ్ చూడ్డానికి వెళితే 50 హెర్ట్జ్ స్ట్రోబ్ కాగితం (వేగం సరిచూసే గీతల చక్రం) ప్రింటు తీసుకెళ్లండి. 33⅓కి అందులో 180 గీతలుంటాయి. పాత చోక్ ట్యూబ్‌లైట్ కింద గీతలు కదలకుండా నిలబడితే వేగం సరిగ్గా ఉన్నట్టు. చాలా ఎల్‌ఈడీ దీపాల కింద అవి అలా నిలబడి కనిపించవు. కాబట్టి బయల్దేరే ముందే వాళ్లింట్లో ట్యూబ్‌లైట్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.