మేఘాలు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం. ఉపగ్రహాలతో మేఘాల్లోని నీటి బిందువులను కొలిచే పరిశోధన చేస్తానంటోంది. మేం ఏఐలో ఎమ్మెస్సీ చేయమంటున్నాం. ఏది మేలు? - ఓ తండ్రి, గుంటూరు

జవాబు: అమ్మాయి చదువంతా చదివి ఖాళీగా ఉండిపోతుందేమోనన్నదే మీ భయం. ఉండదు, ధైర్యంగా ఉండండి.

మేఘంలో బిందువు వ్యాసార్థం సుమారు 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నీరు అంతే ఉండి, పొగ, ధూళి పెరిగి ఆ వ్యాసార్థం సగమైతే బిందువులు 8 రెట్లవుతాయి, వాటి మొత్తం ఉపరితలం రెట్టింపవుతుంది. మేఘం ఇంకా తెల్లబడి ఎండను వెనక్కి పంపుతుంది. భూమి ఎంత వేడెక్కుతుందో చెప్పే లెక్కలు తడబడేది ఎక్కువగా ఇక్కడే. అందుకే 2024 ఫిబ్రవరిలో నాసా పంపిన పేస్ ఉపగ్రహంలోని హార్ప్2 అనే పరికరం, ఒకే మేఘాన్ని ఎరుపు కాంతిలో 60 కోణాల్లో చూస్తుంది. మేఘధనుస్సు (మేఘ బిందువుల వల్ల ఏర్పడే, ఇంద్రధనుస్సు లాంటి వెలుగు) పట్టీలు ఏ కోణంలో పడ్డాయన్నదాన్ని బట్టి బిందువు సైజు తేలుతుంది.

ఇక ఏఐ. ఈ విషయంలో నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. నాసా ఉపగ్రహాల్లోని మోడిస్ లాంటి పరికరాలు పరారుణ కాంతి ఎంత తిరిగొచ్చిందో చూసి సైజు కడతాయి. పెద్ద బిందువులు దాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి. మేఘం తునకలుగా ఉన్నా, నీడ పడినా పిక్సెల్ మసకబారి, బిందువు ఉన్నదానికంటే పెద్దదిగా లెక్కకొస్తుంది. ఆ అంకెలతో శిక్షణ ఇచ్చిన ఏఐ మోడల్ ఆ తప్పునే నేర్చుకుంటుంది, స్కోరు మాత్రం బ్రహ్మాండంగా చూపిస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే కాంతి పరిక్షేపణం, అంటే బిందువులకు తగిలి కాంతి ఎలా చెదురుతుందో తెలియాలి. ఫిజిక్స్ వచ్చిన పిల్ల ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌ను కొద్ది నెలల్లో పట్టేస్తుంది. పైథాన్ ఒక్కటే వచ్చినవాళ్లకు ఫిజిక్స్ అలా రాదు.

కటువుగా అంటున్నాననుకోకండి. మూడేళ్లు ఫిజిక్స్ చదివించి, ఇప్పుడు ఎవరి ప్యాకేజీయో విని దారి మార్చుకోమనడం ఏం న్యాయం? ఈ మేఘాల మీద ఇష్టం ఎందుకు కలిగిందని అమ్మాయిని ఒక్కసారైనా అడిగారా?

ఎమ్మెస్సీ ప్రవేశానికి రాసే జామ్, పరిశోధనకు రాసే నెట్ పరీక్షల సంగతులు తనకు తెలిసే ఉంటాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, పుణేలో వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం, తిరుపతి దగ్గర గాదంకి వాతావరణ ప్రయోగశాల ఉన్నాయి. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. పీహెచ్‌డీ వద్దనుకున్నా, ఉపగ్రహ డేటాతో పని చేయడం వచ్చినవాళ్లకు వాతావరణ, వ్యవసాయ సంస్థల్లో పని దొరుకుతుంది.

ఈలోగా నాసా ఎర్త్‌డేటా వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి, నమీబియా తీరం మీది ఒక మోడ్06 ఫైలు (మోడిస్ మేఘాల లెక్కలుండేది) దించుకోమనండి. అది హెచ్‌డీఎఫ్4 రకం, పైహెచ్‌డీఎఫ్‌ అనే పైథాన్ లైబ్రరీతో తెరవాలి. అందులోని వ్యాసార్థం అంకెలను 0.01తో గుణించాలి, మరిచిపోతే 10 మైక్రాన్ల బిందువు 1000గా కనిపిస్తుంది. తర్వాత 2.1, 3.7 మైక్రాన్ల చానళ్ల వ్యాసార్థాలను పక్కపక్కన గీయాలి. దుప్పటిలా పరుచుకున్న మేఘంలో రెండూ దగ్గరగా ఉంటాయి, తునకల దగ్గర 2.1 పైకి లేస్తుంది. ఎందుకు లేచిందో తనను మీకు వివరించమనండి, మధ్యలో అడ్డు తగలకుండా వినండి.