డ్రోన్ కోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. బీకాం అయింది. రెండేళ్లుగా ఒక స్టూడియో తరఫున పెళ్లిళ్లకు స్టిల్ కెమెరా పడుతున్నాను. ఏరియల్ ఫొటోగ్రఫీలో స్థిరపడాలని ఉంది. సెకండ్ హ్యాండ్ డ్రోన్ ఒకటి లక్షా ఇరవై వేలకు వస్తోంది. బిల్లు మాత్రం లేదట. అమ్మ తన గాజులు తాకట్టు పెట్టి ఇస్తానంటోంది. కొనెయ్యమంటారా? ఎత్తులంటే నాకు భయం లేదు.
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: చివరి మాట ముందు తేల్చేద్దాం తమ్ముడూ. ఎగిరేది డ్రోను. నువ్వు కాలవగట్టు మీద మెడ పైకెత్తుకుని నిలబడతావు. నీకు ఉండాల్సిన భయం వేరు.

మినీ డీవీ క్యాసెట్ల రోజుల నుంచి రాజమండ్రిలో పెళ్లి వీడియోలు తీస్తున్నవాణ్ని. డ్రోన్ కొన్న మొదటి ఏడాదే అమలాపురం దగ్గర ఒక పెళ్లికి వెళ్లాను. ఊరేగింపు కాలవ వంతెన దాటుతోంది. డ్రోన్ పది పన్నెండు మీటర్ల ఎత్తులో ఉండగా సిగ్నల్ తెగింది. అలా తెగితే అది మనం ముందే పెట్టిన ఎత్తుకు లేచి, బయల్దేరిన చోటికి తిన్నగా వచ్చేస్తుంది. నేను పెట్టిన ఎత్తు 20 మీటర్లు. కోనసీమ కొబ్బరిచెట్టు ఎంతుంటుందో నాకు తెలియక కాదు, పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. హడావిడిలో ఆ అంకె మార్చలేదు. డ్రోన్ చెట్టు తలలో తగులుకుని, ఎండుమట్టతో సహా కాలవలో పడింది. ఇద్దరు కుర్రాళ్లు దూకి తీశారు. మెమరీ కార్డు బతికింది, డ్రోన్ బతకలేదు. పెళ్లివారు భోజనం పెట్టి పంపారు, డబ్బులు మాత్రం కోసుకున్నారు. తప్పు నాదే, ఏమంటాం.

ఇక నీ బేరం. విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో ఆపేసింది. అప్పటి నుంచి బిల్లు లేకుండా చేతులు మారే సరుకు ఎక్కువైంది. కొనేముందు దానికి యూఐఎన్ నంబరు, అంటే బండికి రిజిస్ట్రేషన్ నంబరులాంటిది, ఉందా, నీ పేరు మీదికి మారుతుందా అని అడుగు. నీళ్లు నమిలాడంటే వదిలెయ్. పెళ్లి పని అంటే డబ్బుకు చేసే పని. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో అది చెయ్యాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల లోపు ఉండి, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న శిక్షణ కేంద్రంలో నేర్చుకుంటే ఇస్తారు. పదేళ్లు చెల్లుతుంది. గాజులు తాకట్టు పెట్టక తప్పదంటే ముందు దీనికే పెట్టు.

మధురపూడి వైపు పని ఒప్పుకునేముందు, డ్రోన్ ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపే ప్రభుత్వ మ్యాపు చూసుకో. అక్కడి విమానాశ్రయం చుట్టూ 8 కిలోమీటర్ల లోపల నేల నుంచే ఆంక్షలు, అనుమతి లేనిదే లేపకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అనుమతి లేకుండా 200 అడుగుల వరకే.

పెళ్లిళ్ల మీదే బతుకుదామంటే ఆషాఢం ఉంది, మూఢం ఉంది. ఆ ఖాళీలో మ్యాపింగ్ నేర్చుకో. కెమెరాను నిట్టనిలువుగా కిందికి తిప్పి, చేను దున్నినట్టు సాలు పక్కన సాలు ఎగరెయ్యాలి. ఒక్కో ఫొటో పక్కదానితో 70, 80 శాతం కలవాలి. సాఫ్ట్‌వేర్ వాటిని కుట్టి, కొలతలు తీసుకోగలిగే ఒకే మ్యాపు చేస్తుంది. 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో పల్లెల ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిచింది ఇలాంటి పద్ధతిలోనే. మీ చుట్టుపక్కల చేపల చెరువులకు, రొయ్యల చెరువులకు కొదవ లేదు. గట్ల కొలత, తవ్విన మట్టి లెక్క కావాల్సినవాళ్లు అక్కడే దొరుకుతారు. ఇందులో డప్పులూ బాణసంచా ఉండవు, ‘మా బావగారు పడలేదేంటండీ’ అనేవాళ్లూ ఉండరు.

ఫొటో సంగతి ఒక్కటే చెబుతాను. సార్వా నాట్లప్పుడు మార్టేరు వైపు పొద్దున్నే ఆరింటికి వెళ్లు. మడుల్లో నీళ్లు మెరుస్తుంటాయి, గట్ల నీడలు బారుగా పడతాయి. పది దాటిందా, అదే పొలం పైనుంచి చాపలా చదునుగా కనిపిస్తుంది. దీనికి సొంత డ్రోన్ అక్కర్లేదు. ఎవరైనా ఆపరేటర్ వెనక ఒక సీజన్ బ్యాటరీల సంచి మోస్తూ తిరిగినా తెలుస్తుంది.

ఆ బిల్లు లేని ఆయనకు రేపే ఫోన్ చేసి వద్దని చెప్పు. బ్యాటరీలు ఉబ్బాయా అని కూడా అడుగు, ఊరికే, నాకు తెలుసుకోవాలని ఉంది.