సాంటియాగో చర్చి: పుస్తకం తప్పా, ఫొటో తప్పా?

సాంటియాగో చర్చిది రోమనెస్క్ శైలి (11-12 శతాబ్దాల యూరప్ నిర్మాణ శైలి) అని పుస్తకంలో రాసి ఉంటే, ఫొటోలో బరోక్ హంగులు (17-18 శతాబ్దాల ఆడంబరమైన అలంకరణ) కనిపిస్తున్నాయేమిటని అడిగారు. రెండూ సరైనవే, కంగారుపడకండి.

స్పెయిన్‌లోని సాంటియాగో దె కొంపొస్తెలా చర్చి పని 1075లో మొదలై, 1211లో ప్రతిష్ఠ జరిగింది. మీరు చూసిన పడమటి ముఖభాగం మాత్రం 18వ శతాబ్దంలో వాస్తుశిల్పి ఫెర్నాందో దె కాసాస్ నోవోవా రూపొందించిన తొడుగు. పాతదాన్ని పూర్తిగా కూల్చకుండా దాని ముందు కొత్తది నిలిపారు. అందువల్లే పోర్తికో దె లా గ్లోరియా అనే, 12వ శతాబ్దపు శిల్పి మాస్టర్ మాతేయో శిల్పద్వారం ఎండావానలు తగలకుండా మనదాకా వచ్చింది. నా దృష్టిలో ఆ తొడుగు చేసిన గొప్ప మేలు అదే. ఆ శిల్పద్వారం పై దూలాలు ఎత్తిన తేదీ అక్కడి శాసనంలోనే ఉంది: ఇప్పటి క్రీస్తుశకం లెక్కలో 1188 ఏప్రిల్ 1.

బయటి నుంచి రోమనెస్క్ చూడాలంటే దక్షిణాన ఉన్న ప్లతెరీయాస్ ద్వారం ఫొటోలు వెతకండి. ఉత్తర ద్వారం 18వ శతాబ్దంలో పోయింది. దాని శిల్పాలు కొన్ని ప్లతెరీయాస్ ద్వారం మీదే అమర్చారు, అది కాస్త కిక్కిరిసినట్టు కనిపించేది అందుకే.

లోపల చూడవలసింది పూజా పీఠం చుట్టూ తిరిగే ప్రదక్షిణ మార్గం. పూజ సాగుతున్నా యాత్రికుల రాకపోకలు ఆగకుండా చేసిన ఏర్పాటు అది. ఫ్రాన్స్‌లో తూలూజ్, కాంక్ చర్చిల్లోనూ ఇదే పద్ధతి.